ఎవరి చెయ్యీ పడని బండి

"ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పండి. అత్తయ్య బండి కంప్యూటర్‌లో మీరు చెయ్యి పెట్టారా, లేదా?"

కోపంలో ఉంటేనే ఆమె మొగుణ్ణి 'మీరు' అంటుంది. మామూలు రోజుల్లో 'నువ్వే'. ఆ తేడా తెలిసిన మనిషి గనక అతను ఆమె వంక తిరగలేదు. సింకు దగ్గర నిలబడి, తోమిన గిన్నెనే మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు.

"మొన్ననే ఒప్పుకున్నాను కదా. మళ్ళీ ఎందుకు తవ్వుతావు?"

"ఏమో, మొన్న విన్నది కలేమోనన్న ఆశ."

వంటింటి కిటికీలోంచి వాకిలి కనిపిస్తోంది. వాకిట్లో టో బండి పలక కిందికి దించి నిలబడింది. మొన్న ఆసుపత్రి ఎత్తులో నల్లపొగ కక్కి ఆగిపోయిన డీజిల్ కారు గొలుసులు తగిలించుకుని దాని మీదకి ఎక్కుతోంది. పక్కన నడుం మీద చేతులేసుకుని కారు సొంతదారు. ఆమెకి అత్తగారు, అతనికి కన్నతల్లి. అద్దెకి కారు నడిపి బతుకుతుంది గనక చుట్టుపక్కల అందరికీ డ్రైవరమ్మ.

"మెల్లిగా నాయనా, మెల్లిగా! గొలుసు ఆ పక్క తగిలించకు, రంగు లేస్తుంది. నీ సొంత బండైతే ఇలాగే లాగుతావా?"

లోపల ఇద్దరూ గొంతు ఇంకాస్త తగ్గించారు.

"అత్తయ్యకి తెలుసా?"

"అమ్మకా? తెలిస్తే నేనింకా ఈ ఇంట్లో ఉంటానా?"

అసలు చిక్కంతా ఎక్కడుందంటే, అతని పనే అది. ఇంటి వెనక రేకుల షెడ్డులో ల్యాప్‌టాప్ పెట్టుకుని, డీజిల్ కార్ల ఇంజన్ కంప్యూటర్లలో కంపెనీ రాసిన లెక్కలు తీసేసి తన లెక్కలు రాస్తాడు. ఎంత డీజిల్ పోయాలి, టర్బో ఎంత గాలి తొయ్యాలి అనే లెక్కలు. మ్యాప్ మార్చడం అంటారు దాన్ని. మారిస్తే ఈడ్చుకుంటూ నడిచే బండి ఉరకలేస్తుంది. కంపెనీకి తెలిస్తే మాత్రం వారంటీకి నీళ్ళొదులుకోవాలి. అందుకే, వారంటీ ఉన్న బండిని నా గుమ్మం ఎక్కించొద్దని వచ్చిన ప్రతివాడికీ చెప్పి పంపేవాడు. అంత తెలివైనవాడు, తల్లి బండికి మాత్రం తల్లికి చెప్పకుండా చేసి కూర్చున్నాడు.

ఇక ఆమె ఉద్యోగమంటారా, అదే కంపెనీ షోరూమ్‌లో, పాడైన బండి కంప్యూటర్ చదివి వారంటీ ఇవ్వచ్చా లేదా అని తేల్చడం. అక్కడ ఆమెని వారంటీ మేడం అంటారు. ఒకే కప్పు కింద ఇలాంటి రెండు ఉద్యోగాలుంటే ఆ కప్పు ఎన్నాళ్ళు నిలుస్తుందో మీరే చెప్పండి.

"ఎత్తు ఎక్కట్లేదురా చిన్నా, వెనక పేషెంటు ఉసూరుమంటోంది అని రోజూ గొణిగేది. వినలేకపోయాను" అన్నాడతను.

"వినలేకపోతే చెవుల్లో దూది పెట్టుకోవాలి. టర్బో కాల్చేస్తారా?"

"కొంచెమే పెంచాను."

"మీ కొంచెం నాకు తెలుసు లెండి. పోయిన నెల కూరలో ఉప్పు కూడా కొంచెమే వేశారు."

అతను గిన్నె బోర్లించాడు. చేతులు తుడుచుకున్నాడు. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమె కళ్ళలోకి చూశాడు.

"నువ్వేం కంగారు పడకు. నీ మెషిన్‌కి ఏమీ కనిపించదు."

కోపం పోయి భయం వచ్చిందంటే 'మీరు' దానంతటదే 'నువ్వు' అయిపోతుంది.

"ఏం చేశావు? పాత మ్యాప్ తిరిగి ఎక్కించావా? ఎక్కిస్తే ఇంకా తేలిగ్గా దొరుకుతావు. తన మీద ఎన్నిసార్లు రాశారో ఆ కంప్యూటర్ లోపల లెక్కపెట్టుకుంటుంది. ఫ్యాక్టరీలో రాసింది ఒకటి. తర్వాత నువ్వు మార్చినా పెరుగుతుంది, మార్చింది తీసేసినా పెరుగుతుంది."

"నాకు చెప్తున్నావా ఆ సంగతి?" అతని ముఖంలో చిన్న నవ్వు. "ఆ లెక్క 'ఒకటి' అనే చూపిస్తుంది. ఫ్యాక్టరీలోంచి ఇప్పుడే వచ్చినట్టు ఉంటుంది."

"అదెలా?"

"ఎలా అని అడగకు. తెలియకపోతే నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు. మెషిన్ ఏం చూపిస్తే అది చెప్పు, అంతే."

"నువ్వు ఎలా చేశావో చెప్పు ముందు."

అతను కుళాయి తిప్పి, బోర్లించిన గిన్నెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు.

"ఏమిటా గుసగుసలు?" గుమ్మంలో డ్రైవరమ్మ. "మొగుడూ పెళ్ళాలు గుసగుసలాడుకుంటే సరసం అనుకోవాలి. మీ మొహాలు చూస్తే ఎవరో పోయినట్టున్నారు."

"ఏం లేదమ్మా" అన్నాడు కొడుకు.

"ఏం లేకపోతే ఆ కుళాయి కట్టెయ్. అమ్మాయ్, నువ్విలా రా."

కోడలు వెళ్ళింది. డ్రైవరమ్మ ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. స్టీరింగ్ పట్టీ పట్టీ గట్టిపడిన అరచెయ్యి.

"నా బండి నువ్వే చూస్తున్నావని మీ మేనేజరు చెప్పాడు. నా మీద జాలితో ఒక్క ముక్క ఎక్కువ చెప్పకు, ఒక్క ముక్క తక్కువ చెప్పకు. చూసింది చూసినట్టు చెప్పు. నా బండి మీద ఎవరి చెయ్యీ పడలేదు. ఆయిల్ దగ్గర్నించి అద్దాలు తుడిచే నీళ్ళ దాకా మీ షోరూమ్‌లోనే పోయించాను. కన్నకొడుకు ఇదే పనిలో ఉన్నా బానెట్ ఎత్తనివ్వలేదు. ఏరా, ఎత్తనిచ్చానా?"

"లేదమ్మా."

"విన్నావుగా. మాట ఇవ్వు."

కోడలు మాట ఇచ్చింది. ఇవ్వకుండా ఎలా తప్పించుకునేది? ఆ చెయ్యి విడిపించుకుని ఎక్కడికి పోయేది?

*

షోరూమ్‌కి ఇద్దరూ డెమో కారులో బయల్దేరారు. కొనేవాళ్ళు నడిపి చూడటానికి షోరూమ్ వాళ్ళు ఉంచుకునే బండి అది. డ్రైవరమ్మ కారుకి అచ్చంగా జోడు, అదే మోడల్, అదే రంగు. బండి లేక డ్రైవరమ్మ పేషెంట్లు ఇబ్బంది పడతారని మేనేజరే నిన్న సాయంత్రం ఆ తాళం కోడలి చేతిలో పెట్టాడు. ఈ పొద్దున్న దాన్లోనే పేషెంట్లని ఆసుపత్రికి దింపి వచ్చింది డ్రైవరమ్మ. ముగ్గురున్నారు అలాంటివాళ్ళు. రక్తం శుభ్రం చేసే మెషిన్ పక్కన రోజు విడిచి రోజు పడుకోవాలి. ఒక్క పూట తప్పినా ఒళ్ళు వాచిపోతుంది.

డ్రైవరమ్మే నడుపుతోంది. కోడలి సంచిలో ఫోన్ మోగింది. మొగుడు. కట్ చేసింది. మళ్ళీ మోగింది.

"మాట్లాడవే, పాపం!"

"ఇంట్లో నోరు రాలేదు, ఇప్పుడు వచ్చిందా?" అని ఫోన్ చప్పుడు తీసేసి సంచి అడుగుకి తోసేసింది. ఒళ్ళు మండిపోతోంది ఆమెకి. చెప్పమన్నప్పుడు చెప్పనివాడు ఇప్పుడు బతిమాలినా వినకూడదనుకుంది.

ఎర్రదీపం పడింది. డ్రైవరమ్మ బండి ఆపి, స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించింది.

"నాకొకటే అర్థం కావట్లేదు అమ్మాయ్. ఈ రెండు నెలలూ నా బండి ఎంత బాగా నడిచిందో తెలుసా? ఆసుపత్రి ఎత్తు ఉందే, అది రెండో గేరులో ఏడుస్తూ ఎక్కేది. అలాంటిది ఉన్నట్టుండి మూడో గేరులో దూసుకుపోయింది. మనిషికి వయసు తిరిగొచ్చినట్టు. అంత బాగున్న బండి టక్కున ఎలా పోయింది?"

కోడలు కిటికీలోంచి బయటికి చూసింది.

"అత్తయ్యా... అక్కడ ఈ మాట అనకండి."

"ఏ మాట?"

"అదే. ఉన్నట్టుండి బాగా ఎక్కిందని."

"బాగుందంటే తప్పేంటే?"

ఏం చెప్పాలి? మీవాడు మీకు తెలియకుండా ఇంజన్‌కి బలం ఎక్కించాడు, ఆ బలమే దాన్ని మింగేసింది అని చెప్పాలి. నాలుక చివరి దాకా వచ్చింది. "అత్తయ్యా, మీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టింది కూడా.

ఇంతలో డ్రైవరమ్మ ఫోన్ మోగింది. పేషెంట్లలో పెద్దావిడ, ఒకప్పటి టీచరు. గొంతు బలహీనంగా స్పీకర్‌లోంచి వచ్చింది.

"ఎల్లుండి వస్తావు కదా? ఇంకో కారు మాట్లాడుకోమంటున్నాడు మా అబ్బాయి. నాకేమో భయం. నువ్వైతే ఎత్తి కూర్చోబెడతావు."

"ఎవర్నీ మాట్లాడుకోకండి టీచరుగారూ. నా బండి నా కోడలి చేతిలో ఉంది. వారంటీ ఉంది, ఇంజన్ మార్చేస్తారు. అప్పటిదాకా ఈ బండి ఉండనే ఉంది. నేను రాకుండా ఎక్కడికి పోతాను?"

పచ్చదీపం పడింది. బండి కదిలింది.

"ఏదో చెప్పాలన్నావు?"

"ఏం లేదత్తయ్యా. తర్వాత చెప్తాను."

డ్రైవరమ్మ గేరు మార్చి, తనే మళ్ళీ అందుకుంది. "పదేళ్ళు ఒక ట్రావెల్స్‌లో జీతానికి నడిపాను. రోజూ పొద్దున్నే వాళ్ళ గుమ్మంలో చెయ్యి చాపి నిలబడాలి, తాళం ఇస్తే ఆ పూట పని ఉన్నట్టు. ఒక్కోరోజు చూసి కూడా చూడనట్టు లోపలికి పోయేవాడు ఓనరు. ఈ బండి వచ్చాక నా తాళం నా బొడ్లో ఉంది. మళ్ళీ ఇంకొకళ్ళ గుమ్మంలో నిలబడే ఓపిక నాకు లేదే తల్లీ."

వారంటీ రాకపోతే సొంత డబ్బుతో ఇంజన్ మార్పించడం డ్రైవరమ్మ వల్ల అయ్యే పని కాదు. ఆ సంగతి కోడలికి వేరే చెప్పక్కర్లేదు. గాలి కోసం కిటికీ అద్దం దించింది. బయట కూడా గాలి లేదు.

*

మేనేజరుని అందరూ 'నిదానం సారు' అంటారు. నెత్తి మీద కప్పు కూలుతున్నా 'నిదానంగా' అనే మనిషి ఆయన. సర్వీస్ షెడ్డులో డ్రైవరమ్మ కారు బానెట్ తెరిచి ఉంది. హెడ్ మెకానిక్ టర్బో గొట్టం ఊడదీసి లోపలికి టార్చి వేస్తున్నాడు.

"రెక్కలు విరిగిపోయాయి సార్. ముక్కలు ఇంజన్ లోపలికి పోయాయి. ఇంజనే మార్చాలి."

"మారుద్దాం, నిదానంగా" అన్నాడు సారు. "ముందు కంప్యూటర్ ఏమంటుందో చూడనీ. కానివ్వమ్మా."

ఆమె మెషిన్ చేతిలోకి తీసుకోలేదు.

"సార్, ఇది మా అత్తయ్యగారి బండి. నేను చూడటం పద్ధతి కాదు. ఇంకెవరితోనైనా..."

"అందుకే నువ్వే చూడాలమ్మా. వేరేవాడు చూసి కాదంటే ఇంట్లో నువ్వే అడ్డుపడ్డావంటారు. నువ్వు చాటుగా చూసి ఔనంటే కంపెనీ నన్ను అడుగుతుంది. అదే నువ్వు చూస్తుంటే పక్కన నేనున్నాను, ఆవిడున్నారు. ఎవరికీ అనుమానం ఉండదు." సారు ఆప్యాయంగానే చెప్పాడు. "ఐనా నీ మీద నాకేం అనుమానం? తప్పు రిపోర్టు పంపితే కంపెనీ ముందు మనిషిని పంపించేసి తర్వాత కారణం అడుగుతుందని అందరికంటే నీకే బాగా తెలుసు."

ఇంకేం అంటుంది? ఆ మనిషి మంచితనమే ఆమె చుట్టూ గోడలు కట్టేసింది. వైరు తగిలించి, మెషిన్‌ని బల్ల మీద పెట్టి, మీట నొక్కింది. డ్రైవరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చి భుజం పక్కన నిలబడింది.

తెర మీద వరసలు ఒకటొకటిగా వచ్చాయి. ఆమె కళ్ళు నేరుగా తను వెతికే వరస మీదకి పోయాయి. ఎన్నిసార్లు రాశారు? ఒకటి.

నిజంగానే ఒకటి. మొగుడు చెప్పినట్టే అయింది. ఎలా చేశాడో ఏమో, చేశాడు.

"ఏమంటోంది?" అడిగింది డ్రైవరమ్మ.

"ఎవరూ... ఎవరూ చెయ్యి పెట్టలేదంటోంది అత్తయ్యా."

అబద్ధం ఆడక్కర్లేదన్నాడు మొగుడు. మెషిన్ పేరు చెప్పి తను ఆడిందేమిటి మరి?

"నేను చెప్పలేదూ!" డ్రైవరమ్మ ముఖం విప్పారింది. "మా అమ్మాయి నోట వినాలని ఆగాను గానీ, నాకు తెలుసు."

"శుభం. పంపించెయ్యమ్మా కంపెనీకి" అన్నాడు సారు.

ఆమె మీట నొక్కింది. ఆమె పేరుతో రిపోర్టు వెళ్ళిపోయినట్టు తెర మీద పచ్చగా గుర్తు పడింది. ఇక వెనక్కి రాదు. వెళ్ళాక గానీ తెర మీద మిగతా వరసలు చూసే ధైర్యం రాలేదు ఆమెకి. ఆ లోపే డ్రైవరమ్మ చూస్తోంది, పెదాలు కదుపుతూ.

"అమ్మాయ్, ఈ నంబరేమిటి?"

"ఛాసిస్ నంబరు అత్తయ్యా. ప్రతి బండికీ ఒకటుంటుంది, కంప్యూటర్‌లో..."

"అది తెలుసు లేవే. చెకింగ్ వాళ్ళకీ ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పీ చెప్పీ నాది నాకు నోటికొచ్చు. చివర నాలుగు ఆరు తొమ్మిది సున్నా. ఇక్కడ సున్నా ఏడు ఒకటి రెండు ఉంది. ఇది నా బండి నంబరు కాదే?"

షెడ్డులో ఎక్కడో గాలి మోటారు ఆగింది. సారు తన కళ్ళద్దాలు తుడుచుకుని, పెట్టుకుని, తెర మీదకి వంగాడు.

"ఏడు ఒకటి రెండు... ఎక్కడో చూశానే."

"మన డెమో బండి సార్" అన్నాడు హెడ్ మెకానిక్. బయటికి వెళ్ళి, అద్దం కింద రాసి ఉన్న నంబరు చూసి వచ్చాడు. "అదే సార్. అక్షరం తేడా లేదు."

ఆమె చెయ్యి తనంతట తనే సంచిలోకి పోయింది. ఫోన్ తీసింది. మొగుడి కాల్సు వరసగా ఉన్నాయి, కింద ఒక మెసేజ్. 'మెషిన్ పెట్టకు. డెమో బండి కంప్యూటర్‌లో ఉన్నదంతా, ఆ లెక్కతో సహా, తీసి అమ్మ బండిలో ఎక్కించాను. అమ్మ బండి నంబరు వేసిన ఫైలు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. తొందరలో మార్చనిది ఎక్కించేశాను.'

ఒరేయ్ మహానుభావా! షోరూమ్ బండి. ఆమెని నమ్మి, ఆమె చేతికి తాళం ఇచ్చిన బండి. ఆమెకి ఏడుపు రాలేదు. మొగుడి మీద కోపమూ రాలేదు. ఇంకో తలుపు మూసుకున్న చప్పుడు మాత్రం స్పష్టంగా విన్నట్టనిపించింది.

"నిదానంగా ఆలోచిద్దాం" అంటున్నాడు సారు. మొదటిసారి ఆయన గొంతులో నిదానం లేదు. "ఒక బండి నంబరు ఇంకో బండిలోకి నడిచి రాదు. అమ్మా, డెమో బండి నిన్న సాయంత్రం మీ ఇంటికే కదా వచ్చింది?"

అడిగింది కోడల్ని. జవాబు చెప్పింది డ్రైవరమ్మ. ఆవిడకి అందులో నిష్ఠూరం వినిపించింది పాపం, బండికి ఏమైనా చేశారా అన్నట్టు.

"మా ఇంటికే వచ్చింది బాబూ! ఒక్క గీత పడితే అడగండి. మావాడు కన్ను పక్కకి తిప్పకుండా కాపలా కాశాడు. మేం లోపల ఉంటే, పాపం వాడు చీకట్లో దీపం పట్టుకుని బానెట్ ఎత్తి మరీ..."

మాట అక్కడ ఆగిపోయింది.

డ్రైవరమ్మ తెర వైపు చూసింది. తెరిచి ఉన్న తన బండి బానెట్ వైపు చూసింది. రెండు నెలలుగా ఉరకలేసిన ఇంజన్ అది. పొద్దున్న 'లేదమ్మా' అన్న కొడుకు గుర్తొచ్చాడేమో, కళ్ళద్దాలు తీసేసింది. మెల్లిగా కోడలి వైపు తిరిగింది.

"దార్లో ఆ మాట అనొద్దన్నావు." గొంతు చాలా చిన్నగా ఉంది. "నీకు తెలుసా?"

"మీరు నిలబడకండి అత్తయ్యా. ఇలా కూర్చోండి."

డ్రైవరమ్మ కూర్చోలేదు. జవాబు ఆవిడకి అందింది. బొడ్లోంచి డెమో కారు తాళం తీసి సారు ముందు బల్ల మీద పెట్టింది.

"నేనే చేయించాను బాబూ."

"అమ్మా?"

"ఎత్తు ఎక్కట్లేదని నేనే మావాడి ప్రాణం తీసి చేయించాను. వారంటీ కోసం ఈ దొంగ పని కూడా నాదే. ఈ పిల్లకి ఏం తెలీదు. దీని ఉద్యోగం జోలికి రాకండి."

ఒక్క అబద్ధం కూడా సరిగ్గా ఆడటం రాని మనిషి. కళ్ళు ఆర్పకుండా ఆడేసింది. వారంటీ పోయింది, బండి పోయింది, ఎల్లుండి టీచరుగారి గుమ్మంలో ఆగాల్సిన కారూ పోయింది. అన్నీ తెలిసే పోగొట్టుకుంది ఆవిడ.

నిదానం సారు డ్రైవరమ్మని చూశాడు, పచ్చగుర్తు పడిన తెరని చూశాడు. చివరికి వారంటీ మేడం వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. నీకు ఏమీ తెలీదా?"

ఆమె నోరు తెరిచింది. చూసింది చూసినట్టు చెప్పమని పొద్దున్న వంటింట్లో మాట తీసుకున్న ఆ గట్టి అరచెయ్యే, ఇప్పుడు బల్ల చాటున ఆమె మణికట్టుని నొప్పి పుట్టేలా నొక్కుతోంది, చెప్పొద్దని.